కాలనీలో ఖాళీ జాగాను అందరి తోటగా మార్చుకోవడం ఎలా?

మీ కాలనీలో కూడా అలాంటి జాగా ఒకటి ఉండే ఉంటుంది. లేఅవుట్ కాగితంలో పార్కు అని ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది. వెళ్ళి చూస్తే నిండా సర్కారు తుమ్మ, ఎవరో ఇల్లు కడుతూ పారబోసిన కాంక్రీటు పెళ్ళలు, ఒక మూల పాలిథిన్ కవర్ల కుప్ప, దాని చుట్టూ కుక్కలు. హైదరాబాద్ శివార్లలో మా కాలనీలో 600 గజాల జాగా పదేళ్ళ పాటు అలాగే పడి ఉంది. ఇప్పుడు అక్కడ 12 కూరగాయల మళ్ళు, రెండు పందిళ్ళు, ఒక ఉసిరి చెట్టు, సాయంత్రం పెద్దవాళ్ళు కూర్చునే రెండు బెంచీలు ఉన్నాయి. ఇదంతా ఎలా చేశామో, మీరు ఎలా చేయవచ్చో వరసగా చెబుతాను.

మొదటిసారి మేం ఓడిపోయిన సంగతి కూడా చెప్పాలి. జూలైలో ఒక ఆదివారం అందరం కలిసి 60 మొక్కలు నాటాం. పిల్లలు, పెద్దలు, ఫొటోలు, టిఫిన్లు, పండగలా జరిగింది. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళి వచ్చేసరికి 9 మొక్కలు మిగిలాయి. మొక్కలు మంచివే, నేల కూడా మరీ చెడ్డదేం కాదు. రేపటి నుంచి నీళ్ళు ఎవరు పోస్తారని ఆ రోజు ఒక్కరూ అడగలేదు, అంతే. అందుకే ఇందులో సగం దాకా మొక్కల మాటే రాదు.

ముందు జాగా ఎవరిదో తేల్చుకోండి

పార ముట్టుకునే ముందు లేఅవుట్ కాపీ సంపాదించండి. అనుమతి ఉన్న లేఅవుట్లలో పార్కుకు వదిలిన స్థలాన్ని మామూలుగా గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకో పంచాయతీకో రాసిచ్చేస్తారు. అంటే అది కాలనీ వాళ్ళు వాడుకోవాల్సిన జాగానే, కానీ కాలనీ సొత్తు కాదు. కాబట్టి మున్సిపల్ కమిషనర్ పేరున ఒక అర్జీ రాయండి. ఫలానా సర్వే నంబరులోని పార్కు స్థలంలో మొక్కలు, కూరగాయలు పెంచి మేమే చూసుకుంటాం, స్థలం మీద ఎలాంటి హక్కూ కోరం అని స్పష్టంగా రాసి, పదిహేను ఇరవై ఇళ్ళ సంతకాలు పెట్టించి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. మా అర్జీ ఒక ఆఫీసులో రెండు నెలలు కదలలేదు. ఆ ముద్ర ఉన్న కాపీ పట్టుకుని వెళ్ళాకే కదిలింది.

అక్కడ గది, షెడ్డు లాంటి శాశ్వత కట్టడం జోలికి మాత్రం పోవద్దు. హైదరాబాద్‌లో పార్కులు, చెరువుల ఆక్రమణలు చూడటానికి 2024లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. మంచి ఉద్దేశంతో కట్టినా కట్టడం కట్టడమే. బోరు వేయాలన్నా, పెద్ద చెట్టు కొట్టాలన్నా నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

పార్కు స్థలం లేకపోతే దిగులు పడకండి. ఎవరో అమెరికాలో ఉండే ఆయన కొని వదిలేసిన ప్లాటు మీ వీధిలో ఉండవచ్చు. ఆయనకు ఫోన్ చేసి అడగండి. పాములు, చెత్త, ఆక్రమణల భయం ఆయనకూ ఉంటుంది. కూరగాయలూ పూల మొక్కలే వేస్తాం, చెట్లు నాటం, అడిగిన రోజు నుంచి మూడు నెలల్లో ఖాళీ చేస్తాం అని కాగితం మీద రాసిస్తే చాలామంది ఒప్పుకుంటారు.

పది ఇళ్ళు చాలు

అందరూ వచ్చాకే మొదలు పెడదాం అనుకుంటే ఎప్పటికీ మొదలు కాదు. మా వీధుల్లో 40 ఇళ్ళుంటే మొదట వచ్చింది 11 ఇళ్ళ వాళ్ళు. మిగతా వాళ్ళతో వాదించలేదు. "మీకు వీలైనప్పుడు రండి" అని ఊరుకున్నాం. మొదటి బెండకాయలు కాశాక మరో ఆరిళ్ళు వచ్చాయి.

మొదటి మీటింగు ఎవరి ఇంట్లోనో పెట్టకండి. ఆ జాగాలోనే, ఆదివారం పొద్దున్న ఏడింటికి, ఒక ఫ్లాస్కు టీ పట్టుకుని పెట్టండి. ఇంట్లో కూర్చుంటే మాట అసోసియేషన్ ఎన్నికల మీదికో, పాత డ్రైనేజీ గొడవ మీదికో పోతుంది. జాగాలో నిలబడితే కళ్ళ ముందు ఉన్న పని మీదే ఉంటుంది.

పిలిచేటప్పుడు ఇద్దరిని మర్చిపోవద్దు. ఒకరు అద్దెకుండే వాళ్ళు. చాలా కాలనీల్లో అసోసియేషన్ అంటే సొంతిళ్ళ వాళ్ళదే అన్నట్టు నడుస్తుంది. ఇది తప్పని నేను గట్టిగా నమ్ముతాను. మా తోటలో రెండేళ్ళుగా ఒక్క వంతు కూడా తప్పకుండా నీళ్ళు పోసింది మూడో వీధిలో పై పోర్షన్‌లో అద్దెకుండే జంట. ఇంకొకరు ఊళ్ళో సేద్యం చేసి, పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవాళ్ళు. మా వీధి చివరింటి పెద్దమ్మ నాలుగేళ్ళుగా బాల్కనీలో కూర్చుని రోడ్డు చూసేది. ఒకరోజు తోటలోకి వచ్చి, పిడికెడు మట్టి తీసి నీళ్ళు చల్లి, ముద్ద చేసి, బొటనవేలుతో నొక్కి చూసింది. ముద్ద విరిగి పొడిపొడిగా రాలింది. "ఇసుక ఎక్కువుంది బిడ్డా, పెంట ఎక్కువ వెయ్యాలె, నీళ్ళు జరజర పొయ్యాలె" అంది. అంటే పశువుల ఎరువు ఎక్కువ వేయాలి, నీళ్ళు కొద్దికొద్దిగా పోయాలి అని. మేం ఇంటర్నెట్‌లో వారం రోజులు వెతికిన సంగతి ఆమె చేతివేళ్ళకు తెలుసు. ఇప్పుడు ఏ మడిలో ఏం వేయాలన్నా ముందు ఆమెనే అడుగుతాం.

మూడు సంగతులు కాగితం మీద పెట్టండి: నీళ్ళు, తాళం, కోత

నేను చూసినంతలో ఉమ్మడి తోటలు ఎండకో పురుగుకో పోవు. ఈ మూడింటి దగ్గర వచ్చే మనస్పర్థలతో పోతాయి. ఒక్క విత్తనం వేయకముందే వీటిని మాట్లాడుకుని, రాసి, అందరూ చూసే చోట అంటించండి.

నీళ్ళ సంగతి మొదట. ఎన్ని నీళ్ళు కావాలో లెక్క వేసుకోండి. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న మడికి చలికాలంలో రోజుకు ఒక బకెట్, ఎండాకాలంలో రెండు బకెట్లు. 12 మళ్ళు అంటే రోజుకు సుమారు 200 నుంచి 400 లీటర్లు. ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? ఎవరో ఒకరి ఇంటి బోరు నుంచే అయితే ఆ ఇంటి వాళ్ళ కరెంటు బిల్లులో కొంత మనం కట్టాలి. వాళ్ళు వద్దన్నా కట్టాలి. ఎందుకంటే మొదటి నెల వద్దన్నవాళ్ళకే ఆరో నెలలో "మా ఒక్కరి నీళ్ళేనా?" అనిపిస్తుంది, అలా అనిపించడంలో వాళ్ళ తప్పేమీ లేదు. పక్కింటి డాబా మీద వాన నీటిని పైపుతో డ్రమ్ములోకి మళ్ళించుకోండి. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్ల దాకా నీళ్ళు. డ్రమ్ముకు మూత, మూతకు దోమతెర తప్పనిసరి. డెంగీ దోమ నిలవున్న మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకరోజు డ్రమ్ములు, కుండీల కింది పళ్ళేలు అన్నీ ఆరబెట్టే పని కూడా వంతుల్లోనే కలపండి.

వంతులు ఇంటి పేరున వేయండి, మనిషి పేరున కాదు. మనిషికి జ్వరం వస్తుంది, ఆఫీసు ఉంటుంది, ఇంట్లో ఎవరో ఒకరు రాగలరు. ఒక్కో ఇంటికి వారంలో ఒక రోజు, ఒక్కో రోజుకు రెండేసి ఇళ్ళు. గేటు దగ్గర ఒక వైట్‌బోర్డు పెట్టి, నీళ్ళు పోసినవాళ్ళు అక్కడే టిక్కు పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో "పోశాను" అని పెట్టడం కంటే ఇది నయం. సాయంత్రం ఆ దారిన వెళ్ళే ఎవరికైనా టిక్కు లేని సంగతి కనిపిస్తుంది, వాళ్ళే నాలుగు బకెట్లు పోసి పోతారు.

ఇంకో మాట. పండగ వంతులు ముందే వేయండి. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో మీకు తెలుసు. ఆ వారం రోజులు ఊరికి వెళ్ళని ఇళ్ళు ఏవో డిసెంబర్‌లోనే అడిగి రాసుకోండి. దసరాకూ అంతే. మా 60 మొక్కల్లో ఎక్కువ భాగం పోయింది ఆ వారంలోనే.

ఇక తాళం. కోతులు, కుక్కలు, రాత్రిపూట సీసాలు పగలగొట్టే కుర్రాళ్ళ వల్ల గేటు కావాల్సిందే. కానీ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటే తోట వాళ్ళదన్న భావం తెలియకుండానే వచ్చేస్తుంది. మా దగ్గర అదే జరిగింది. చెవి పెట్టుకున్నాయన చాలా మంచివాడు, కానీ ప్రతిసారీ ఆయన బెల్ కొట్టి అడగాలంటే ఆడవాళ్ళు మొహమాటపడి రావడం మానేశారు. నంబర్ లాక్ వేశాక ఆ ఇబ్బంది పోయింది. నంబరు తోటలో చేరిన ప్రతి ఇంటికీ తెలుసు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా గేటు అందరికీ తెరిచే ఉంచుతాం, తోటలో చేరని ఇళ్ళకు కూడా.

కోత అన్నిటికంటే నాజూకు. అంతా ఉమ్మడి అంటే పొద్దున్నే లేచినవాళ్ళకు వంకాయలు, ఆలస్యంగా లేచినవాళ్ళకు ఆకులు. ఎవరి మడి వాళ్ళదే అంటే నెలకోసారి ఏదో ఒక మడి కలుపుతో నిండిపోతుంది, పురుగు అక్కడి నుంచి అన్నిటికీ పాకుతుంది. రెండూ చేసి చూశాక మేం ఇలా స్థిరపడ్డాం. ఒక్కో మడికి రెండిళ్ళు జత. ఆ మడిలో పండింది వాళ్ళిద్దరిదీ. పందిళ్ళ మీద కాసే చిక్కుడు, బీర, సొర, దొండ, ఇంకా కరివేపాకు, మునగ, నిమ్మ అందరివీ. అందరివి కోసేది ఆదివారం ఎనిమిదింటికి మాత్రమే. మధ్యలో ఎవరూ కోయరు, కరివేపాకు రెబ్బ తప్ప. కోసినవన్నీ ఒక దుప్పటి మీద కుప్ప పోసి, వంతులు వేసి పంచుతాం. మొదటి రెండు వంతులు వీధి ఊడ్చే అమ్మకూ, వాచ్‌మన్ కుటుంబానికీ. వయసు మీద పడి పని చేయలేని వాళ్ళ ఇంటికి కూడా వంతు వెళుతుంది. కాయలు నాలుగే ఉన్న రోజున కూడా ఈ పద్ధతి తప్పకండి. నాలుగు కాయలున్నప్పుడు పాటించిన పద్ధతే నలభై కిలోలప్పుడు నిలబడుతుంది.

జాగా శుభ్రం

సర్కారు తుమ్మను నేలబారుగా నరికేస్తే నెలలో మళ్ళీ చిగురిస్తుంది. వేరుతో సహా తవ్వి తీయాలి. పెద్ద మొద్దులుంటే ఒక పూట జేసీబీ పిలవడం మేలు. మొదటి గంటలు చేతులకు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు లేకుండా ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, లోపలికి రానీయకండి. పాములుంటాయి, సిరంజీలు, గాజు పెంకులుంటాయి. ఊడ్చిన చెత్తకు, ఆకులకు నిప్పు పెట్టొద్దు. ఆరుబయట చెత్త కాల్చడం చట్టరీత్యా నేరం, పైగా ఆ ఆకులు మనకు బంగారం లాంటివి, కంపోస్టుకు కావాలి.

చెత్త పడేసే మూల ఒకటి ఉంటుంది కదా, దాన్ని శుభ్రం చేసి ఊరుకుంటే మర్నాడు మళ్ళీ ఒక కవరు వచ్చి పడుతుంది. ఆ ఒక్క కవరు చాలు, సాయంత్రానికి పది అవుతాయి. అందుకని శుభ్రం చేసిన రోజే అక్కడ అలికి ముగ్గు వేయండి. రెండు వారాల పాటు రోజూ వేయాలి. ముగ్గు మీద చెత్త వేయడానికి మనవాళ్ళకు చెయ్యి రాదు. మా దగ్గర ముగ్గు వంతులు పెద్ద పిల్లలు తీసుకున్నారు. మూడో వారం అక్కడ నాలుగు మందార మొక్కలు పెట్టాం, కుప్ప తిరిగి రాలేదు.

నేల, మళ్ళు

నీళ్ళు ఇంకుతున్నాయో లేదో చూసుకోండి. అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి నింపాక నాలుగైదు గంటలకు కూడా నీళ్ళు నిలిచే ఉంటే కింద బండో, గట్టిపడ్డ మొరమో ఉందన్నమాట. అప్పుడు తవ్వి లాభం లేదు, నేల మీదే అడుగు ఎత్తున మళ్ళు పోసుకోవాలి. మట్టి పరీక్ష కూడా చేయించండి. ఎనిమిది పది చోట్ల ఇంగ్లిష్ 'వి' అక్షరం ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, గుంట పక్క గోడ నుంచి పలుచగా మట్టి చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిల్చి, నీడన ఆరబెట్టి వ్యవసాయ శాఖ మట్టి పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. ఎరువుల గుట్ట కింద, కాంక్రీటు పారబోసిన చోట మట్టి తీయకండి, లెక్క తప్పు వస్తుంది.

మడి వెడల్పు నాలుగడుగులు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకు అందాలి, లోపల కాలు పెట్టే పని ఉండకూడదు. తొక్కిన మట్టి బిగుసుకుపోతుంది. మళ్ళ మధ్య బాట రెండడుగులు. ఒకటి రెండు మళ్ళు నడుము ఎత్తున ఇటుకలు పేర్చి కట్టండి, సిమెంటు లేకుండా. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు నిలబడే పని చేసుకుంటారు. ఒక్కో మడికి బాగా మాగిన పశువుల ఎరువు ఆరేడు తట్టలు, కిలో వేప పిండి కలిపి, తడిపి, పది రోజులు వదిలేయండి. పచ్చి పేడ మాత్రం వేయకండి, వేడికి వేర్లు మాడిపోతాయి, చెదలు కూడా వస్తాయి.

మొదటి సీజన్‌లో అన్ని మళ్ళూ వేయాలని తొందర వద్దు. మేం నాలుగుతో మొదలు పెట్టాం. నాలుగు పచ్చగా ఉంటే చూసి ఐదో మడికి మనుషులు వస్తారు. పన్నెండు వేసి ఎనిమిది ఎండితే ఉన్నవాళ్ళు కూడా పోతారు.

వంటింటి చెత్తతో ఎరువు

బావులకు వాడే సిమెంటు ఒరలు రెండు తెచ్చి, మట్టి నేల మీద పక్కపక్కన నిలబెట్టండి. అడుగున కొబ్బరి పీచు, ఎండు పుల్లలు జానెడు. ఒక తట్ట కూరగాయల తొక్కలకు రెండు తట్టల ఎండుటాకులు, ఈ లెక్క తప్పకండి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని, ఎండుటాకులు వేయాలని అర్థం. ఎన్నాళ్ళకీ మారడం లేదంటే ఎండిపోయిందని, నీళ్ళు చల్లాలని అర్థం. మొదట్లో ఒక బకెట్ నీళ్ళలో పేడ కలిపి చల్లితే త్వరగా మాగుతుంది. పుల్లటి మజ్జిగలో కాస్త బెల్లం కలిపి చల్లినా పని చేస్తుంది. వారానికోసారి తిరగేయాలి. ఒక ఒర నిండాక మూసేసి రెండోది మొదలు పెట్టండి. రెండు నెలలకు మొదటిది తెరిస్తే నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. అన్నం, మాంసం, నూనె పదార్థాలు వేయకండి, ఎలుకలు వస్తాయి.

మొదట్లో రెండు కవర్లలో ఒకటి తడి పొడి కలిపే వచ్చేది. ఎవరినీ మందలించలేదు. ఒర పక్కన ఒక స్టూలు వేసి, తెచ్చిన వాళ్ళే కవరు విప్పి వేసేలా చేశాం. తమ చెత్తలోంచి షాంపూ ప్యాకెట్ తమ చేత్తో తీయాల్సి వస్తే మూడోసారి ఇంట్లోనే వేరు చేసి తెస్తారు.

ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి

మొదట ఆకుకూరలే. తోటకూర, పాలకూర, మెంతికూర 25 నుంచి 30 రోజుల్లో చేతికొస్తాయి. కొత్తగా చేరిన వాళ్ళకు ఆశ నిలబడాలంటే నెలలోపు ఇంటికి ఒక కట్ట అయినా వెళ్ళాలి. తోటకూర గింజలు ఆవగింజ కంటే చిన్నవి, గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే ఒకే చోట పడవు. ధనియాలు చేత్తో నలిచి రెండు బద్దలు చేసి వేయాలి. బెండ గింజలు రాత్రి నానబెట్టి అడుగుకొకటి పెట్టండి, 45 నుంచి 50 రోజులకు మొదటి కాయ కోస్తారు. టమాటా, వంగ, మిరప అయితే నారు పోసి, నెల రోజుల నారు సాయంత్రం పూట నాటాలి. గోంగూర, చుక్కకూర, బచ్చలి పెద్దగా సేవ అడగవు. బచ్చలి తీగ ముక్క గుచ్చినా బతుకుతుంది.

తీగలకు మృగశిర కార్తె, అంటే జూన్ రెండో వారం, మంచి ఆరంభం. బీర, సొర, కాకర అప్పుడు పెట్టండి. చిక్కుడు ఆషాఢ, శ్రావణాల్లో పెడితే చలి మొదలయ్యేసరికి పూతకు వస్తుంది. మా చిక్కుడు పందిరి సంక్రాంతి నుంచి విరగకాస్తుంది. రథసప్తమి నాడు పొద్దున్నే పక్క వీధుల వాళ్ళు కూడా చిక్కుడు కాయల రథానికి, పరమాన్నం పెట్టుకునే చిక్కుడాకులకు గేటు దగ్గరికి వస్తారు. ఆ రోజు వంతుల్లేవు, అడిగిన వాళ్ళందరికీ ఇస్తాం.

ఒక మడి పూలకు వదలండి. బంతి నారు జూలై చివర నాటితే బతుకమ్మకు పూలు అందుతాయి. తంగేడు, గునుగు కోసం ఊరవతలకి పోనక్కర లేకుండా కంచె వెంట వాటినీ రానిచ్చాం. గునుగు కలుపే, అయినా ఆ మూల దాన్ని పీకం. టమాటా మడి చుట్టూ బంతి వేస్తే కాయతొలిచే పురుగు గుడ్లు బంతి పూల మీద పెడుతుంది, మన కాయలు కొంత బతుకుతాయి. నీడకు వేప, కానుగ, నేరేడు వేసుకోండి. ఉసిరి ఒకటి ఉంటే కార్తీకంలో వనభోజనాలకు ఎక్కడికీ పోనక్కర లేదు. నర్సరీలో పచ్చగా, త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అంటగడతారు, తీసుకోకండి. దాని వేర్లు పైపుల్లోకి పోతాయి, పుప్పొడి వల్ల ఇబ్బందులని గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది.

పురుగు, కోతి

పేనుబంక, తెల్లదోమకు లీటరు నీళ్ళలో ఐదు మిల్లీలీటర్ల వేప నూనె, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం ఆకుల కింది వైపు తడిసేలా కొట్టండి. పసుపు రంగు జిగురు అట్టలు మడికొకటి వేలాడదీయండి. పిండినల్లి పట్టిన మందార కొమ్మను జాలి పడకుండా కత్తిరించి కవర్లో కట్టి దూరంగా పారేయండి. పిల్లలు తిరిగే చోటు కాబట్టి రసాయన మందులు వద్దని మేం మొదటి రోజే రాసుకున్నాం.

జీవామృతం అనే ద్రవ ఎరువు చేసుకోవాలనుకుంటే ఎకరానికి చెప్పే 200 లీటర్ల లెక్క మనకు అక్కరలేదు. 20 లీటర్ల నీళ్ళకు కిలో పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు చెట్టు కింది మట్టి. నీడన 48 గంటలు ఉంచి, రోజూ రెండు పూటలా కర్రతో కలిపి, పదింతల నీళ్ళలో కలిపి మొదళ్ళలో పోయాలి.

కోతులకు పూర్తి మందు లేదు. మా అనుభవంలో గోంగూర, మిరప, కాకర జోలికి అవి పెద్దగా రాలేదు. టమాటా, బెండ, జామ మాత్రం వదలవు. టమాటా, బెండ మళ్ళకు పైన వల కట్టాం. కోతులకు తిండి పెట్టవద్దని చుట్టుపక్కల ఇళ్ళకు చెప్పి ఒప్పించడం వల కంటే ఎక్కువ పని చేసింది.

డబ్బు, మాటలు

మేం మొదట ఇంటికి 500 రూపాయలు వేసుకున్నాం. గడ్డపార, పారలు, తట్టలు, పైపు ఇళ్ళ నుంచే వచ్చాయి. ఖర్చు రాసే వారు ఒకరు, డబ్బు పెట్టుకునే వారు ఇంకొకరు ఉండాలి. నెల మొదటి ఆదివారం లెక్క కాగితం గేటు బోర్డు మీద అంటించాలి, 30 రూపాయల విత్తనాల ప్యాకెట్‌తో సహా. గ్రూపు నిలదొక్కుకుని, విరాళాలు, బ్యాంకు ఖాతా అవసరం పడితే అప్పుడు సొసైటీగా రిజిస్టర్ చేయించుకోండి. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు ఉంటే చాలు.

గొడవ వస్తుంది, తప్పదు. ఒకసారి ఆదివారం కాకుండా బుధవారమే సొరకాయలు మాయమయ్యాయి. గ్రూపులో ఎవరో "తెలిసినవాళ్ళే తీశారు" అని పెట్టేశారు. సాయంత్రానికి రెండిళ్ళు మాట్లాడుకోవడం మానేశాయి. తర్వాత తెలిసింది, పక్కన కట్టే బిల్డింగ్ పని వాళ్ళ పిల్లలు ఆకలికి కోసుకున్నారు. ఆ రోజు నుంచి రెండు మార్పులు చేశాం. తోట గ్రూపులో వంతులు, కోత, సామాను సంగతులు తప్ప ఫిర్యాదులు పెట్టకూడదు, ఫిర్యాదు ఉంటే ఆదివారం కోత దగ్గర ఎదురెదురుగా మాట్లాడుకోవాలి. ఆ పని వాళ్ళ గుడిసెలకు కూడా ఒక వంతు వెళ్ళాలి. వాళ్ళలో ఒకాయన మహబూబ్‌నగర్ వైపు రైతు. మా పందిరి గుంజలు వంగిపోతుంటే చూసి, తనే వచ్చి తీగ లాగి బిగించి వెళ్ళాడు.

వంతు తప్పే ఇంటి విషయంలో జరిమానాలు పెట్టకండి. జరిమానా కట్టాక బాధ్యత తీరిపోయిందన్న భావన వస్తుంది. వాళ్ళ జత ఇంటి వాళ్ళు వెళ్ళి "ఏమన్నా ఇబ్బందా అక్కా?" అని అడగాలి. మా దగ్గర వంతు తప్పిన ఒక ఇంట్లో పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నారని అలా అడిగితేనే తెలిసింది. నెల రోజులు వాళ్ళ వంతు మిగతా ఇళ్ళు పంచుకున్నాయి.

వేసవి, విత్తనాలు

ఏప్రిల్, మే నెలల్లో అన్ని మళ్ళూ నడపాలని చూడకండి. నీళ్ళు చాలవు, మనుషులూ సెలవులకు పోతారు. సగం మళ్ళకు సెలవివ్వండి. ఎండుటాకులు జానెడు మందాన కప్పి, వారానికోసారి తడిపి వదిలేస్తే జూన్‌కు నేల గుల్లబారుతుంది. మిగతా సగంలో గోంగూర, తోటకూర, బచ్చలి, దొండ తీగ ఉంచండి. షేడ్ నెట్ ఒకటి పందిరికి కడితే మధ్యాహ్నం ఆకులు మాడవు.

విత్తనాల కోసం ప్రతి రకంలో ఒక మంచి మొక్కను కోయకుండా వదలండి. దానికి ఎర్ర గుడ్డ కట్టండి, తెలియక ఎవరూ తెంపరు. బెండ, బీర, చిక్కుడు చెట్టు మీదే ఎండాలి. టమాటా గింజలు గుజ్జుతో సహా రెండు రోజులు నీళ్ళలో ఉంచి, కడిగి నీడన ఆరబెట్టాలి. హైబ్రిడ్ ప్యాకెట్ల నుంచి వచ్చిన మొక్కల గింజలు దాచకండి, మళ్ళీ అదే కాయ రాదు. బాగా ఎండిన గింజల్లో కాస్త జల్లెడ పట్టిన బూడిద కలిపి గాజు సీసాల్లో పోయండి. సీసా మీద ఏ రకమో, ఏ నెలలో తీశారో, ఎవరి మడిలోదో రాసి పెట్టండి. మృగశిరకు పక్క కాలనీ వాళ్ళు అడిగితే ఇవ్వడానికి ఇంకో చిన్న సీసా పక్కన ఉంచండి.